తాత ట్రంకుపెట్టెలో బాంబు దొరికింది, ఇంట్లో ఉంచుకోవచ్చా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది గిద్దలూరు దగ్గర పల్లె. మా తాత మద్రాసు రెజిమెంటులో పనిచేశారు. 1971 యుద్ధంలో శకర్‌గఢ్ వైపు ఉన్నానని చెప్పేవారు. పోయిన నెల ఆయన సంవత్సరీకం అయ్యాక నాయనమ్మ చెబితే అటక మీద ఉన్న ఇనుప ట్రంకు దించాం. అందులో పతకాలు, ఉత్తరాలు, ఒక కంబళి, పూలు చెక్కిన ఇత్తడి ఫిరంగి గుండు తొడుగు ఉన్నాయి. అడుగున గోనెసంచిలో చుట్టి, జానెడు పైన పొడవున్న బాంబు లాంటిది కనిపించింది. వెనక రెక్కలు, ముందు బిగించిన మూత ఉన్నాయి. బరువు కిలో దాకా ఉంటుంది. మా చిన్నాన్న "యాభై ఏళ్ల నాటిది, ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, బ్రాసో పెట్టి రుద్ది అద్దాల బీరువాలో పెడదాం" అంటున్నాడు. డల్లాస్‌లో ఉన్న మా అన్నకు వాట్సాప్‌లో ఫొటో పంపితే "ఇక్కడ గన్ షోలలో ఇలాంటివి అమ్ముతారు, ఈసారి వచ్చినప్పుడు నేను తెచ్చుకుంటా" అన్నాడు. మా ఆయనేమో "పోలీసులకు చెబితే మన మీదే కేసు పెడతారు, రాత్రిపూట చెరువులో పడేద్దాం" అంటున్నారు. ప్రస్తుతం దాన్ని వెనక కొట్టంలో వడ్ల బస్తాల పక్కన పెట్టాం. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, చట్టం సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ ఒక్క పేరా చదివి లేవండి. ఆ కొట్టం తలుపు వేసి తాళం పెట్టండి. పిల్లల్ని, పశువుల్ని అటు పోనివ్వకండి. ఆ వస్తువును ఇంకెవరూ ముట్టుకోకూడదు, కదపకూడదు, తుడవకూడదు, ముందున్న మూత తిప్పి చూడకూడదు. ఇంటికి దూరంగా వచ్చి 112కి గానీ మీ స్టేషన్‌కు గానీ ఫోన్ చేసి, "చనిపోయిన మా తాత పెట్టెలో పాత మిలిటరీ బాంబు దొరికింది, కొట్టంలో ఉంది, ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు" అని చెప్పండి. బాంబు స్క్వాడ్‌ను పిలిపించే పని వాళ్ళది. మీరుగా దాన్ని సంచిలో వేసుకుని బండి మీద స్టేషన్‌కు తీసుకెళ్లకండి. మంచి ఉద్దేశంతోనే చాలామంది చేసే పని ఇదే. గతుకుల రోడ్డు మీద, బండి మీద మీ ఇద్దరూ, మధ్యలో ఆ సంచి. తలుచుకుంటేనే నాకు గుండె దడగా ఉంది.

ఫోన్ చేసి వచ్చారా? ఇక మిగతాది నింపాదిగా మాట్లాడుకుందాం.

"పాతది కాబట్టి చచ్చిపోయి ఉంటుంది" అన్న మీ చిన్నాన్న మాట ముందు తీసుకుంటాను. ఆయన్ని తప్పు పట్టడం లేదు, నాన్న గుర్తు పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ పేలుడు మందు బియ్యం లాగా పురుగు పట్టి పాడైపోయేది కాదు. సైన్యాలు షెల్స్‌లో నింపే టీఎన్‌టీ దశాబ్దాలు గడిచినా సత్తువ కోల్పోదు. పాడయ్యేది దాని చుట్టూ ఉన్న ఇనుము, మందును పేల్చే మూత అంటే ఫ్యూజులోని స్ప్రింగులు, పిన్నులు. అంటే వయసు పెరిగేకొద్దీ పేలే గుణం అలాగే ఉంటుంది, పేలకుండా ఆపే ఏర్పాటు మాత్రం తుప్పు పడుతుంది. 2008లో అమెరికాలోని వర్జీనియాలో పాత ఫిరంగి గుండ్లు సేకరించే ఒకాయన, 1860ల నాటి అంతర్యుద్ధం గుండును తన ఇంటి ముందు శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. ఆ గుండు వయసు 140 ఏళ్ల పైనే. ముక్క ఒకటి ఎగిరి దాదాపు పావు మైలు అవతల ఉన్న ఇంటి వసారాలో పడింది. ఆయన కొత్తవాడు కాదు, ఇలాంటివి ఎన్నో శుభ్రం చేసిన మనిషి. ఫ్రాన్స్, బెల్జియం రైతులు మొదటి ప్రపంచ యుద్ధపు గుండ్లు ఇవాళ్టికీ నాగలి కింద నుంచి తీస్తూనే ఉన్నారు, వాటి కోసం అక్కడ ప్రత్యేక సైనిక బృందాలు తిరుగుతూనే ఉన్నాయి. కాబట్టి బ్రాసో సీసా పక్కన పెట్టమని చిన్నాన్నకు నా మాటగా చెప్పండి.

మీరు పంపిన ఫొటో చూశాను. చిన్న మోర్టారు బాంబులా, అంటే సైనికులు గొట్టంలోంచి పైకి వదిలే బాంబులా ఉంది. అయితే ఫొటో చూసి అది నిజమైనదో, ప్రాక్టీసుదో, మందు తీసేసినదో నేను చెప్పను, ఎవరు చెప్పినా నమ్మకండి. రంగు పోయింది, రాతలు చెరిగిపోయాయి. ప్రాక్టీసు బాంబుల్లో కూడా పడిన చోటు కనిపించడానికి కొంత మందు పెడతారు. చేతితో చూసి చెప్పాల్సిన వాళ్ళు బాంబు స్క్వాడ్ వాళ్ళు, అవసరమైతే సైన్యం వాళ్ళు.

ఇక చట్టం. మన ఆయుధాల చట్టం 1959 నాటిది. అందులో మందుగుండు రెండు రకాలు. లైసెన్సు తుపాకీకి వాడే తూటాలు ఒక రకం. కలెక్టరు ఇచ్చిన లైసెన్సు ఉంటే, అందులో రాసిన సంఖ్య దాకా అవి ఇంట్లో ఉంచుకోవచ్చు. రెండోది నిషిద్ధ మందుగుండు. రాకెట్లు, బాంబులు, గ్రెనేడ్లు, షెల్స్, మిసైళ్ళు, విషవాయువు నింపినవి అని చట్టం రెండో సెక్షన్‌లోనే పేర్లు పెట్టి మరీ చెప్పింది. వీటికి కలెక్టరు లైసెన్సు ఉండదు. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప ఎవరూ సంపాదించకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, వెంట తీసుకెళ్లకూడదు అని ఏడో సెక్షన్ అంటుంది. "మాజీ సైనికుడి కుటుంబం" అన్న మినహాయింపు ఇందులో లేదు. "గుర్తుగా పెట్టుకున్నాం" అన్నదీ లేదు. పాతకాలపు ఆయుధాలకు 45వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. అది బాగుచేసినా పనికిరాని పాత తుపాకుల వంటి ఆయుధాల గురించి. లోపల మందున్న బాంబుకు అది గొడుగు పట్టదు.

శిక్ష కూడా మామూలుది కాదు. 2019 డిసెంబరులో ఈ చట్టాన్ని సవరించారు. అంతకుముందు నిషిద్ధ మందుగుండు దగ్గర ఉంచుకుంటే 5 నుంచి 10 ఏళ్ల జైలు ఉండేది, ఇప్పుడు 7 నుంచి 14 ఏళ్లు, దానిమీద జరిమానా. దీనికి తోడు 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం ఉంది. అనుమానం కలిగించే పరిస్థితుల్లో పేలుడు పదార్థం దగ్గర ఉండి, అది సరైన పని కోసమేనని చూపించలేకపోతే 10 ఏళ్ల దాకా జైలు. మీది నల్లమల పక్కనే కాబట్టి ఒక మాట. అడవిపందుల కోసం చేలగట్ల మీద పెట్టే ఉల్లిగడ్డ బాంబులు, నాటు బాంబులు కూడా ఈ చట్టాల కిందికే వస్తాయి. 2020 మేలో కేరళ పాలక్కాడు జిల్లాలో పేలుడు మందు పెట్టిన కాయ కొరికి చూలుతో ఉన్న ఏనుగు నదిలో నిలబడి చనిపోయింది, గుర్తుందా? అది పంట కాపాడుకోవడానికి పెట్టే రకం బాంబే. మీ ఊళ్ళో ఎవరైనా "అందరూ పెడుతున్నారుగా" అంటే ఈ సంగతి చెప్పండి.

తూటాకు లైసెన్సు ఇస్తూ బాంబును మాత్రం ఎందుకు ఇంత కట్టడి చేశారని అడగవచ్చు. తూటా పేలాలంటే తుపాకీ కావాలి, గురి కావాలి, ఒక మనిషి వేలు కావాలి. బాంబుకు ఇవేవీ అక్కర్లేదు, చుట్టూ ఎవరున్నారో దానికి పట్టదు. ఈ భయం ఇప్పటిది కాదు. 1868లోనే సెంట్ పీటర్స్‌బర్గ్‌లో కొన్ని దేశాలు కూర్చుని, 400 గ్రాముల కంటే తక్కువ బరువుండి లోపల పేలే గుండ్లను తమలో తమకు యుద్ధం వచ్చినా వాడబోమని ఒప్పుకున్నాయి. మనిషిని ఆపడానికి మామూలు తూటా చాలు, ఒంట్లోకి వెళ్లి పేలేది బాధను పెంచడానికే అన్నది వాళ్ళ వాదన. పేలే చిన్న గుండునే సైనికుడి మీదికి వద్దనుకున్నప్పుడు, బాంబును మామూలు మనిషి ఇంట్లో ఉండనివ్వడం ఏ ప్రభుత్వానికీ కుదరదు.

ఇప్పుడు మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్నకు వద్దాం. "మా మీద కేసు పెడతారా?"

ఇక్కడ ఒక్క విషయం బాగా అర్థం చేసుకోండి. దగ్గర ఉండటం వేరు, తెలిసి దగ్గర ఉంచుకోవడం వేరు. 1972లో గున్వంత్ లాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఆయుధం కలిగి ఉండటం నేరం కావాలంటే అది తన దగ్గర ఉందన్న ఎరుక ఉండాలని, దాని మీద తనకు పట్టు ఉండాలని చెప్పింది. 1994లో సంజయ్ దత్ కేసులోనూ ఎరుక మాట మళ్ళీ వచ్చింది. ట్రంకు అటక మీద ఉన్నన్నాళ్ళు మీకు, మీ చిన్నాన్నకు, నాయనమ్మకు ఆ ఎరుక లేదు. గోనెసంచి విప్పిన రోజు వచ్చింది. ఆ రోజు నుంచి మీరేం చేశారన్నదే చట్టం అడుగుతుంది. పోలీసులకు చెప్పారా, బీరువాలో పెట్టారా, దాచారా, చెరువులో వేశారా? మీ భవిష్యత్తు ఈ జవాబు మీదే ఆధారపడి ఉంది. తాత చేసిన దాని మీద కాదు. పోయిన మనిషి మీద క్రిమినల్ కేసు నడవదు కూడా.

పైగా చెప్పడం మీ ఇష్టాయిష్టాల మీద వదిలేసిన పని కాదు. ఈ చట్టం కింద నేరం జరిగిందని తెలిసినవాళ్ళు సరైన కారణం లేకుండా ఊరుకోకూడదని, దగ్గర్లోని స్టేషన్‌కో మేజిస్ట్రేటుకో తెలపాలని 36వ సెక్షన్ అంటుంది.

ఎఫ్‌ఐఆర్ కట్టనే కట్టరని నేను మాట ఇవ్వలేను. వస్తువును స్వాధీనం చేసుకుని నిర్వీర్యం చేయాలంటే వాళ్ళు ఏదో ఒక నంబరు కింద కాగితాలు రాసుకోవాలి. ఆ కాగితంలో మీరు ముద్దాయిగా కాకుండా సమాచారం ఇచ్చిన మనిషిగా ఉండాలి. అందుకే ఫోన్‌తో ఆగకండి. తెల్లకాగితం మీద పిటిషను రాయండి. తాత పేరు, రెజిమెంటు, సర్వీసు నంబరు తెలిస్తే అది, ఆయన పోయిన తేదీ, ట్రంకు ఎప్పుడు ఎవరెవరి ఎదుట దించారు, ఏమేం కనిపించాయి, అప్పటిదాకా ఎవరికీ తెలియదన్న మాట, మేమే స్వయంగా తెలియజేస్తున్నాం అన్న మాట. ఇల్లు నాయనమ్మ పేరున ఉంటే ఆవిడ సంతకమో వేలిముద్రో కూడా పెట్టించండి. స్టేషన్‌లో ఒక కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఇంకో కాపీ ఎస్పీ ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో పంపండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి కూడా ఒకటి ఇవ్వండి, మాజీ సైనికుల కుటుంబాలతో వ్యవహరించడం వాళ్ళకు రోజువారీ పని, స్టేషన్‌తో మాట్లాడే మనిషి దొరుకుతాడు. స్వాధీనం చేసుకునేటప్పుడు రాసే పంచనామా చదివి, అందులో "సమాచారం ఇచ్చినది కుటుంబ సభ్యులే" అన్న వాక్యం ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.

మీ ఆయన భయం నాకు తెలియనిది కాదు. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తల్లో ఒక పెద్దావిడ స్టీలు డబ్బా పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. మూత తీస్తే పసుపు గుడ్డలో చుట్టిన పన్నెండు బోరు తూటాలు పదకొండు. భర్త పోయాక తుపాకీని డీలరు దగ్గర పెట్టింది గానీ తూటాలు బియ్యం డ్రమ్ము అడుగున ఉండిపోయాయి. కనబడ్డాక చెబితే జైలని ఎవరో బెదిరించారు. తొమ్మిదేళ్లు ఆ డ్రమ్ములోంచే బియ్యం తీసి వండింది. కాగితం తొడుగు తూటాలు కదా, చెమ్మకు ఉబ్బి ఒకటి అంచు విచ్చుకుంది. నా బల్ల మీద పెడుతున్నప్పుడు ఆవిడ వేళ్ళు వణకడం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. అవి మామూలు తూటాలు, నిషిద్ధం కాదు. లైసెన్సుదారు పోతే ఆలస్యం చేయకుండా స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో అప్పగించాలని 21వ సెక్షన్‌లో దారి ఉంది. వెంట వెళ్లి పిటిషనుతో అప్పగించాం. ఎస్సై గారు ఒక గంట విసుక్కున్నారు, రసీదు రాసిచ్చారు, అంతటితో అయిపోయింది. తొమ్మిదేళ్ల భయం ఒక్క పూటలో తీరింది. మీ వస్తువు అంత చిన్నది కాదు, ఒప్పుకుంటాను. చేతపట్టుకుని వెళ్లేదీ కాదు. అయినా దారి అదే.

చెరువు మాట మాత్రం ఎత్తకండి, దయచేసి. చెరువు దేన్నీ దాచదు. వేసవిలో ఎండుతుంది, జేసీబీలు పూడిక తీస్తాయి, ఉపాధి హామీ పనిలో ఆడవాళ్ళు గడ్డపార దింపుతారు. ఇనుప ముక్క అనుకుని పిల్లలు ఏరుకుని పాత సామాన్ల కొట్టుకు తీసుకెళ్తారు, అక్కడ సుత్తి దెబ్బ పడుతుంది. సైన్యం ఫైరింగు రేంజుల చుట్టుపక్కల ఊళ్ళలో ఇత్తడి, ఇనుము కోసం ఏరుకునే పేదవాళ్ళు ఇలాగే చేతులు, ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. మీ ఇంటి నుంచి పోయిన బాంబు ఇంకో ఇంటి బిడ్డ చేతిలో పేలకూడదు కదా. చట్టపరంగా చూసినా చెరువులో వేయడమంటే తెలిసీ దాచామని మనమే ఒప్పుకోవడం.

డల్లాస్ అన్న సంగతి. ఆయన గన్ షోలో చూసినవి చాలావరకు లోపల మందు తీసేసి, తొడుగుకు రంధ్రం వేసిన ఖాళీ గుండ్లు అయి ఉంటాయి. అమెరికాలో తుపాకీ సులభంగా దొరుకుతుంది గానీ బాంబు దొరకదు. అక్కడి 1934 నాటి నేషనల్ ఫైర్ఆర్మ్స్ చట్టాన్ని 1968లో విస్తరించి గ్రెనేడ్లను, బాంబులను, పావు ఔన్సు అంటే సుమారు 7 గ్రాములకు మించి పేలుడు మందున్న గుండ్లను ఒక ప్రత్యేక తరగతిలో చేర్చారు. ఒక్కో గుండునూ విడిగా రిజిస్టరు చేయించాలి, ఒక్కోదానికీ 200 డాలర్ల పన్ను కట్టాలి. రిజిస్టరు లేకుండా దొరికితే ఫెడరల్ నేరం. ఇంకో ముఖ్యమైన విషయం, ఇది మన పిల్లల్లో చాలామందికి తెలియదు. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప అక్కడ తుపాకీ గానీ ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. దొరికితే జైలుతో పాటు వీసా కూడా పోతుంది. అన్న ఏ వీసా మీద ఉన్నాడో అడగండి. ఏ వీసా అయినా, బాంబు విమానం ఎక్కదు. చేతి సంచిలోనూ కాదు, చెక్-ఇన్ పెట్టెలోనూ కాదు. ఖాళీదైనా, బొమ్మదైనా ఎక్స్‌రేలో కనబడితే విమానాశ్రయం అంతా ఆగిపోతుంది.

ఇత్తడి తొడుగు గురించి మీరు అడగలేదు, నేనే చెబుతాను, ఎందుకంటే అది మీకు మిగిలే అవకాశం ఉంది. పేలిపోయిన షెల్ ఖాళీ తొడుగు మీద పూలు చెక్కి, రెజిమెంటు గుర్తు వేసి జ్ఞాపికగా ఇవ్వడం సైన్యంలో పాత ఆనవాయితీ. చట్టం మందుగుండు భాగాలను కూడా మందుగుండు కిందే లెక్కిస్తుంది గానీ, మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకు 45వ సెక్షన్‌లో మినహాయింపు ఇచ్చింది. ఏది చిన్న భాగమో చట్టంలో విడమరచి లేదు కాబట్టి దాన్ని కూడా దాచకుండా పిటిషనులో రాయండి. బాంబు స్క్వాడ్ వచ్చినప్పుడు చూపించండి. అడుగున మందును అంటించే చిన్న బిళ్ళ, అంటే ప్రైమరు, కాలిపోయి ఖాళీగా ఉందో లేదో వాళ్ళు చూస్తారు. ప్రమాదం లేదని కాగితం మీద రాసిస్తే అద్దాల బీరువాలో పతకాల పక్కన పెట్టుకోండి, చిన్నాన్న బ్రాసో అప్పుడు పనికొస్తుంది. తీసుకెళ్తామంటే అడ్డుపడకండి, జాబితాలో రాయించి రసీదు తీసుకోండి, తిరిగి ఇవ్వమని తర్వాత అడగవచ్చు.

ఆ బాంబును మాత్రం మీరు మళ్ళీ చూడరు. కదపడానికి వీలుంటే ఊరికి దూరంగా ఖాళీ చోట గుంత తీసి పేల్చేస్తారు. కదపలేమంటే చుట్టుపక్కల ఇళ్ళు ఖాళీ చేయించి ఉన్నచోటే ఇసుక బస్తాలు పేర్చి పని ముగిస్తారు, కొట్టం దెబ్బతినవచ్చు. అందుకే వడ్ల బస్తాల సంగతి ఫోన్‌లోనే చెప్పండి. వాటిని బయటికి లాగే పని మీరు పెట్టుకోకండి.

చివరగా తేదీ. పోయిన నెల దొరికితే నిన్ననే దొరికిందని రాయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. రాయకండి. అన్నకు పంపిన ఫొటో మీద తేదీ ఉంది, ఆ ఒక్క అబద్ధం మిగతా నిజాలన్నిటినీ అనుమానంలోకి లాగుతుంది. దొరికిన రోజు రాసి, ఇన్నాళ్ళు ఎందుకు ఆగారో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఏం చేయాలో తెలియక, ఇంట్లో తలా ఒక మాట అని, భయపడి ఆగాం అని. పిటిషను రాశాక ఇవ్వబోయే ముందు ఒకసారి చూడమంటే ఈ పేజీ చిరునామాకే పంపండి, అదే రోజు చూస్తాను.